నల్లకాళ్ళ జాతిలో ఆఖరి పిల్ల

కోడిపిల్ల ముడ్డి కడగడం నేను యాభై దాటాక నేర్చుకున్నాను. దానికి ఇంతకంటే మర్యాదైన మాట నాకు తెలియదు. తెలిసినా ఆ పనికి అది నప్పదు. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, ఎండి రాయిలా గట్టిపడిన రెట్టను మెత్తబరిచి, కింది నూగు ఊడిరాకుండా కొంచెం కొంచెంగా తీయాలి. తొందరపడి లాగితే తోలు వస్తుంది. కళ్ళు తిప్పుకుని చేసే పని కాదు. ఒక చేతిలో పిల్ల, ఒక చేతిలో దూది. ముక్కు మూసుకోవడానికి మూడో చెయ్యి ఉండదు.

మా ఇంట్లో కోళ్ళను ముట్టుకోవడానికి వేరే మనుషులుండేవారు. మా తాతగారు చూసేవారు, అంతే. పొద్దున్నే ఆయన వసారాలోకి వచ్చి నిలబడితే పుంజులను ఒక్కొక్కదాన్నీ చంకన పెట్టుకుని తెచ్చి చూపించేవారు. ఒళ్ళు నలుపు, కాళ్ళు నలుపు, కన్ను మాత్రం తెలుపు. చుట్టుపక్కల వాటిని నల్లకాళ్ళ కోళ్ళనేవారు. మేము వాటిని ఎన్నడూ అమ్మలేదు. ఇచ్చేవాళ్ళం. ఇచ్చినదాన్ని పుచ్చుకున్నవాళ్ళు పదిమందికీ చెప్పుకునేవారు.

ఆ తరువాత సంగతి అందరి ఇళ్ళలోనూ జరిగేదే. భోగాపురం వైపు పొలాలు మా నాన్నగారి కాలంలోనే పోయాయి. అక్కడ విమానాశ్రయం వస్తుందనేసరికి మావంటూ చెప్పుకోవడానికి గట్టు కూడా మిగల్లేదు. ఇల్లు చేతులు మారి పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మండపమైంది. నేనూ నా భార్యా విజయనగరంలో, కోటకు కాస్త దూరంలో, ఒక సందులో అద్దె వాటాలో ఉంటున్నాం. మాతో వచ్చినవి ఆ కోళ్ళే. పెరట్లో ఒక పుంజు, ఒక పెట్ట. ఒక వేసవిలో కొక్కెర తెగులు వచ్చి పుంజు పోయింది. దాని వెనక కొన్ని గుడ్లు పెట్టి పెట్ట కూడా పోయింది. ఇక ఆ జాతి అంటే ఆ గుడ్లే. ఇంకెక్కడా లేదు.

పొదగడానికి కోడి కావాలి. పక్క వాటాలో ఒక చేపలావిడ ఉంది. సముద్రం ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. మిగిలినవి కప్పు రేకుల మీద ఎండబెడుతుంది. ఆ వాసన మా అన్నంలోకి, మా దుప్పట్లలోకి, మా దేవుడి గదిలోకి కూడా వస్తుంది. ఆవిడతో అప్పటిదాకా నేను మాట్లాడింది ఆ కంపు గురించే. ఆవిడ కోడి పొదుక్కి వచ్చిందని నా భార్య చెప్పింది. మాట్లాడింది కూడా ఆమే.

ఇటువైపు పొదుగుకు ఒక ఆనవాయితీ ఉంది. గుడ్లు ఒకరివి, కోడి ఒకరిది అయితే పుట్టిన పిల్లలు చెరి సగం. బేసిగా మిగిలిన పిల్ల కోడి గలవాళ్ళది. అన్నాళ్ళు కడుపు మాడ్చుకుని కూర్చున్నందుకు అది కోడికి కూలి. ఆవిడ అదే చెప్పింది, మేము ఒప్పుకున్నాం.

గుడ్లు వెంటనే పెట్టలేదు. బహుళపక్షంలో గుడ్లు పొదక్కి పెట్టడం మా ఇంట లేదు. మా తాతగారు నెలపొడుపు చూశాకే పెట్టించేవారు. అందాకా వాటిని బియ్యం డబ్బాలో దాచాను. మండువేసవి, రేకుల కప్పు. ఆ పద్ధతి తప్పని ఇప్పటికీ నేను అనను. మా తాతగారి కొట్టు గదికి పెంకుల కప్పు, చల్లగా ఉండేది. పద్ధతి మారలేదు, కప్పు మారింది.

ఆవిడ పాత చేపల తట్టలో ఇసుక పోసి, ఊక పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప ముక్క పెట్టి, మా గుడ్లను అందులో సర్దింది. తట్ట అల్లికలో పొలుసులు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. మా జాతి కోళ్ళు కళ్ళు తెరవబోయేది ఆ పొలుసుల మధ్యనా అనుకున్నాను.

పిల్లలు రావలసిన రోజు వచ్చింది, దాటింది. ఆ మరునాడు పొద్దున్న ఆవిడ గోడ అవతల నుంచి కేకేసింది. వెళ్ళేసరికి తట్టను వాకిట్లో దించి ఉంది. ఒక గుడ్డు దానంతటదే పేలింది. ఆ కంపు ఏమని చెప్పను. గొంతులోకి దిగి కూర్చుంది.

"ఓలమ్మో, ఏటి కంపు!" అంది చేపలావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "మా సేపల కంపని మూతి తిప్పుతావు గానీ బాబూ, నీ రాజాగుడ్ల ముందర మా ఎండుసేప సెంటులాటిది."

ఒక్కొక్క గుడ్డూ చెవి దగ్గర ఆడించి చూసి కాలవలోకి విసిరింది. ప్రతిదీ బుడుక్కుమని పగిలి ఆకుపచ్చగా తేలింది. ఒకటి మాత్రం ఆవిడ చేతిలో ఆగిపోయింది. లోపల ఏదో గీకుతోంది. పెంకు చిన్న బిళ్ళంత లేచి ఉంది, అంతే. లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోయింది. ఆవిడ గోటితో పెంకు ఒలిచింది. లోపలినుంచి బయటికి వచ్చినదాన్ని చూసి నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

అది పిల్లలా లేదు. ఎవరో నమిలి ఉమ్మేసినట్టుంది. నూగు జిగురుకు అట్టలు కట్టింది. మెడ ఒక పక్కకు వాలిపోయింది. బొడ్డు దగ్గర పచ్చసొన లోపలికి పూర్తిగా పోక చిన్న తిత్తిలా వేలాడుతోంది. ఒక కాలి వేళ్ళు పిడికిలి బిగించినట్టు ముడుచుకున్నాయి. ఆ కాళ్ళు మాత్రం నలుపు. తల్లిగా కూర్చున్న కోడి దాన్ని ఒకసారి పొడిచి చూసి, లేచి, ఈకలు దులుపుకుని మేతకు పోయింది.

"ఇది నిలదు బాబూ," అంది ఆవిడ. "సూడు, మెడ నిలబెట్టనేకపోతన్నాది. కాకికి ఏసీడమే."

"వద్దు," అన్నాను.

"వద్దంటే ఏటి? ఒక్కటే పుట్టింది, నాదే గదా. ఆనవాయితీ నీకూ ఎరికే."

"ఎరికే."

"మరి కావాలంటే అడుగు. అప్పా, ఈ పిల్లని నాకియ్యే అని నోరిడిసి అడుగు. ముత్తేలేటీ రాలిపోవు."

మా గుమ్మంలో నిలబడి నా భార్య, "అడగండీ. ఒక్క ముక్క," అంది.

మా ఇంట్లో ఇవ్వడమే తెలుసు. అడగడం నాకు రాలేదు. ఆవిడ నా మొహంలోకి చూసింది, నవ్వింది, మా రెండు వాటాల మధ్యనున్న పిట్టగోడ మీద ఆ పిల్లను పెట్టింది.

"నాను ఇచ్చిందీ నేదు, నువ్వు అడిగిందీ నేదు. గోడమీద ఎట్టినాను. కాకి ముందొస్తాదో నువ్వు ముందొస్తావో మీరూ మీరూ తేల్సుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

కరెంటు తీగ మీద కాకి ఉండనే ఉంది. అది నాకంటే దగ్గరలో ఉంది. పంచె ఎగ్గట్టి పరుగెత్తాను. సందులో ఎవరెవరు చూశారో తెలియదు. చేతిలో పడిన దాని తడి, వెచ్చదనం, జిగురు, నా అరచేతిలో దాని గుండె కొట్టుకోవడం, అన్నీ ఒక్కసారే తెలిశాయి. చెయ్యి ఒంటికి దూరంగా చాపి పట్టుకుని ఇంట్లోకి వచ్చాను.

చీర అట్టపెట్టెలో గుడ్డ పరిచి, పైన కరెంటు బల్బు వేలాడదీశాను. తెల్లని వెలుగు, పట్టపగలులా. సాయంత్రానికి పిల్ల కొయ్యబారిపోయింది. పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలకు వెలుగే తప్ప వేడి లేదన్న సంగతి నాకు తట్టలేదు. లోపల తీగ కాలి వేడెక్కే పాతరకం బల్బు కోసం బజారంతా తిరిగాను. ఒక కొట్టువాడు, "అవి ఇప్పుడెవలు అమ్ముతన్నారు సార్? అంత పాత సరుకు మీకేటికి?" అని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

"బనీన్లో పెట్టుకోండి," అంది నా భార్య.

"నేనా?"

"నేను వంట చెయ్యాలి. నాకు కుదరదు. మీ జాతి కదా, మీరే పెట్టుకోండి."

పెట్టుకున్నాను. పొట్టకు, బనీనుకు మధ్య. అది గోళ్ళతో గీరేది. ముక్కుతో వెంట్రుకలు పట్టి లాగేది. వేడి తగిలాక దానికి ప్రాణం వచ్చింది, ప్రాణంతో పాటు రెట్ట వచ్చింది. పలచగా, పసుపుపచ్చగా, పులిసిన వాసనతో నా బొడ్డులోకి జారేది. కదిలితే పిల్ల నలిగిపోతుంది కనుక అలాగే కూర్చునేవాణ్ణి. మనిషి ఒళ్ళు ఇంత నీచంగా ఉంటుందని, ఇంకో ప్రాణికి ఇంత పనికొస్తుందని నాకు అంతవరకూ తెలియదు. ఆ రెండో సంగతి తెలిసినందుకు సంతోషం కూడా కలగలేదు.

తినిపించడం ఇంకా రోత. చోడిపిండి జావ, అదే రాగిజావ, మింగలేదు. ఉడికించిన గుడ్డులో పచ్చసొన నలిపి పెట్టమని ఎవరో నా భార్యకు చెప్పారు. కోడిపిల్లకు కోడిగుడ్డు. వేలి చివర అంటించి చూపిస్తే అది ఆబగా నాకింది. మూతికి, కళ్ళకు, నా గోళ్ళ సందుల్లోకి ఆ పచ్చని ముద్ద పట్టేది. అది తింటున్నందుకు లోలోపల గంతేశాను. తింటున్నదేమిటో చూసి తల తిప్పుకున్నాను. ముడుచుకున్న వేళ్ళను సాపు చేసి ప్లాస్టరు ముక్కతో అతికించాను. అది నిలవలేదు. రెట్టకు తడిసి ఊడిపోయేది, మళ్ళీ అతికించేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మా మేనత్త కొడుకు వచ్చాడు. అరసవల్లిలో గుడికి దగ్గరలో లాడ్జి నడుపుతున్నాడు. కారు సందులోకి రాక మొదట్లోనే దిగి, ప్రసాదం పొట్లం పట్టుకుని నడిచి వచ్చాడు. ఆయనకు కోళ్ళ పిచ్చి. తోటలో షెడ్డు కట్టి, ఫ్యాన్లు పెట్టి, ఎక్కడెక్కడి పుంజులనో పెంచుతున్నాడు. ఆయన తండ్రికి మా తాతగారు ఇచ్చిన నల్లకాళ్ళ పుంజును బయటి జాతులతో కలిపి, కలిపి, చివరికి ఏమిటో తెలియని దాన్ని తయారు చేశాడు. దానికి కాలికి ప్లాస్టిక్ ఉంగరం, ఆ ఉంగరం మీద తన పేరు. దాన్ని ఫోనులో చూపించడం మొదలుపెట్టాడు.

నేను చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిటారుగా కూర్చున్నాను. లోపలినుంచి కియ్యిమంది.

బావ ఫోను దించాడు. "ఏటి బావా అది? కడుపులో పిల్లి దూరిందేటి?"

చొక్కా మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మళ్ళీ కియ్యిమంది. నా కాలరు సందులోంచి ఆ వంకర మెడ బయటికి వచ్చింది. బావ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు.

"ఒరే బావా! తాతగారు సూసుంటే ఏటనీవోరో! మనవడు పొదుగుకి కూకున్నాడని ఊరంతా సాటింపు ఏయించీవోరు!"

నా భార్య కాఫీ తెస్తూ, "నవ్వకండి అన్నయ్యగారూ. ఈయన లేస్తే పిల్లకి చలేస్తుంది," అని తనూ నవ్వింది.

బావ నవ్వు ఆపి పిల్ల కాళ్ళు చూశాడు. అప్పుడు గొంతు మారింది. "నల్లకాళ్ళేనా? ఇదొక్కటేనా? నాకిచ్చీ బావా. షెడ్డులో మిషను ఉన్నాది, మందులున్నాయి. నీ దగ్గర సచ్చిపోతాది. బతికితే నా పుంజుతో కలిపీద్దాం. సగం నెత్తురు మనదే గదా."

సగం. ఆ మాట విన్నాక ఆలోచించవలసింది లేదు. "బతికితే నా దగ్గరే బతుకుతుంది," అన్నాను. ఆయన చేతులు దులుపుకుని లేచాడు.

బావ వెళ్ళిన కొద్దిసేపటికే పిల్ల వేలాడిపోయింది. నవ్వుల గొడవలో నొక్కుకుందో ఏమో, నోరు తెరిచి, కళ్ళు తేలేసింది. నా భార్య కేకకు చేపలావిడ గోడ దాటి వచ్చింది. నా చేతిలోంచి పిల్లను లాక్కుని, నేల మీద పెట్టి, మా స్టీలు గిన్నె దాని మీద బోర్లించి, గరిటెతో టంగుటంగున కొట్టసాగింది.

"ఏమిటిది? చంపేస్తావా?" అన్నాను.

"పోయిన పేణం సప్పుడికి తిరిగొస్తాది. నువ్వు సొల్లు ఆపు."

సందులోంచి జనం తొంగి చూశారు. నా ఇంట్లో, నా గిన్నె మీద, చేపల పొలుసులంటిన చేత్తో ఒక ఆడమనిషి డప్పు వాయిస్తోంది. దాని కింద మా వంశం కోళ్ళన్నీ ఉన్నాయి. గిన్నె ఎత్తేసరికి పిల్ల నిలబడి ఉంది. తూలుతోంది, కానీ నిలబడింది. చప్పుడుకు లేచిందా, భయానికి లేచిందా, దానంతటదే లేచిందా, నాకు తెలియదు. కిందటిసారి తన కోడిపిల్లలకు ఇలాగే కొడితే మూడూ చచ్చాయని ఆవిడే చెప్పింది. చెప్పి, గిన్నె కడుక్కోమంది.

అది బతికింది. నూగు రాలి ఈకలు వచ్చే మధ్య కాలంలో సృష్టిలో అంత అసహ్యమైన వస్తువు ఇంకొకటి ఉండదు. ఎర్రటి తోలు మీద ముళ్ళలా ఈకల మొనలు. ఒక కాలు వంకర కనుక ఎగిరెగిరి నడిచేది. తనను తాను గీరుకోలేదు, ఆ పక్క పేలు పట్టేవి. వేపనూనె రాసేవాణ్ణి. నేను పెరట్లోకి వస్తే కాళ్ళ మధ్య దూరేది. తోసేస్తే మళ్ళీ వచ్చేది. క్రమంగా నలుపు దిగింది. మెడ మీద నీలి మెరుపు వచ్చింది. కన్ను తెల్లబడింది. అన్నీ వచ్చాయి, తురాయి మాత్రం రాలేదు. అది పెట్ట.

బావ ఫోను చేశాడు. తన పుంజును తెస్తానన్నాడు. ఆ ఉంగరం పుంజు మా పెరట్లో అడుగు పెట్టదన్నాను. "మరెవుల్ని తెస్తావు బావా? నల్లకాళ్ళ పుంజు నోకంలో నేదు," అన్నాడు. అది నిజమే. అయినా ఊళ్ళు తిరిగాను. ఒకప్పుడు మా దగ్గర పుంజులు పుచ్చుకున్న ఇళ్ళన్నిటికీ బస్సెక్కి వెళ్ళాను. కొందరికి మేము గుర్తున్నాం, కోళ్ళు గుర్తు లేవు. కొందరికి కోళ్ళు గుర్తున్నాయి, మేము గుర్తు లేము. ఒక ఇంట్లో, "అవా? శానా రుసి బాబూ," అన్నారు.

చివరి ఊరినుంచి తిరిగి వచ్చిన సాయంత్రం పెరట్లో చేపలావిడ పుంజు ఉంది. ఎర్రది, గోధుమరంగుది, ఏ రంగూ కానిది. చేపల తలలు, పేగులు తిని బలిసినది. ఏ కాలవలో దిగి వచ్చిందో మోకాళ్ళదాకా బురద. అది మా పెట్ట మెడ ఈకలు నోట కరుచుకుని ఉంది. వంకరకాలిది కనుక పారిపోలేకపోయిందని సరిపెట్టుకుందామని చూశాను. పారిపోవడానికి ప్రయత్నించనే లేదు. కర్ర విసిరాను. పుంజు దిగి, రెక్కలు కొట్టి, గోడెక్కి కూసింది. మా పెట్ట ఒళ్ళు ఒకసారి దులుపుకుని, ఏమీ జరగనట్టు పురుగులు ఏరుకుంది. ఆ దులుపుకోవడం చూసి నాకు అన్నం సహించలేదు.

గోడ అవతల చేపలావిడ చేటతో బియ్యం చెరుగుతోంది. "ఏటి బాబూ, అల్లుడి మీద కర్ర ఎత్తుతావేటి? ఇయ్యాల్టినుంచి మనం వియ్యపోలం. పండక్కి బట్టలు ఎట్టాల!"

నా భార్య చీర చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

పెట్ట గుడ్లు పెట్టింది. పెట్టినవి పెట్టినట్టు తీసి అట్టు వేసేయమన్నాను. ఒకటి రెండు రోజులు అలాగే తిన్నాం. ఆ తరువాత అది మంచం కింద చోటు చూసుకుని, దాచి పెట్టి, కూర్చుంది. తీయబోతే నా చెయ్యి పొడిచి రక్తం కళ్ళజూసింది. అట్టు వెయ్యడానికి చెయ్యి వచ్చింది కానీ, ఆ కూర్చున్నదాన్ని లేపడానికి రాలేదు. నా భార్య పొద్దున్నే మంచం కింద ఒక చిప్పలో నీళ్ళు పెట్టింది.

పిల్లలు పుట్టాయి. గోధుమరంగువి, చారలవి, మచ్చలవి. సందులో ఎవరి పెంటమీదైనా కనిపించేవే. ఒకదానికి మాత్రం కాళ్ళు నల్లగా ఉన్నాయి.

ఆ సంగతి ఎలా చేరిందో బావ వచ్చాడు. కూర్చోకుండానే మంచం కిందికి వంగి చూశాడు. నల్లకాళ్ళ పిల్లను అరచేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పాడు. ఆయన చేతులు ఆ క్షణాన మా తాతగారి ముందు పుంజును పట్టుకుని నిలబడేవాళ్ళ చేతుల్లాగే జాగ్రత్తగా ఉన్నాయి.

"పుంజు దొరికిందన్నమాట. ఎక్కడిది బావా? ఏ ఇంటిది? అసలైనదేనా? మీ ఇంటి మాట సాలు, నాకింకేటీ అక్కర్నేదు."

ఆయన నమ్ముతాడు. అదే కష్టం. మా మాటను ఇప్పటికీ నమ్మే మనిషి ఆయనొక్కడే. అవునంటే ఆ పిల్ల అరసవల్లి తోటలో ఫ్యాను కింద పెరుగుతుంది. దాని పేరున మా పేరు మళ్ళీ నలుగురిలో పడుతుంది. గోడమీద ఆ పుంజు మెడ సాచి అప్పుడే కూసింది.

"పక్కింటి పుంజు పిల్లలు అవి. నాటువి," అన్నాను.

బావ నన్ను చూశాడు, పిల్లను చూశాడు, దాన్ని కింద పెట్టి చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. కాఫీ అడగకుండా వెళ్ళిపోయాడు. నల్లకాళ్ళ జాతి అయిపోయింది. ఆ మాట చెప్పే హక్కు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే, నా నోటితోనే చెప్పాను.